మెడ తిప్పే ఫ్యాను

హనుమంత రావు దొర జగిత్యాలకు వచ్చేటప్పుడు ఊళ్లోని కోటలాంటి గడిలోంచి ఇత్తడి బిందెలు తెచ్చుకున్నాడు, పట్టెమంచం తెచ్చుకున్నాడు, తాతగారి తుపాకీ తెచ్చి ఠాణాలో అప్పజెప్పాడు. గాలి మాత్రం తెచ్చుకోలేకపోయాడు.

ఎమర్జెన్సీ ఎత్తేశాక వచ్చిన రెండో ఎండాకాలం అది. ఊళ్లో కూలీలు సంఘం పెట్టారు. వెట్టి బందు అన్నారు. గడి గోడ మీద ఎర్ర అక్షరాలు లేచాయి. చాకలి రాలేదు, మంగలి రాలేదు, అడవిలోంచి అన్నలు వస్తున్నారన్న మాట మాత్రం రోజూ వచ్చేది. గడ్డం పెరిగిన దొర ఒక పొద్దున భార్య జానకమ్మను వెంటబెట్టుకుని బస్సెక్కి, జగిత్యాలలో కిరాయి ఇంట్లో దిగాడు.

గడి పెద్ద హాల్లో దూలానికి చాప వెడల్పున గుడ్డ పంకా వేలాడేది. దాని తాడు గోడకున్న కంతలోంచి అవతలి వసారాలోకి పోయేది. అక్కడ వెట్టి మనిషి లింగవ్వ కూర్చుని లాగేది. లాగే మనిషి దొరకు కనపడదు, గాలి మాత్రం వస్తుంది. వాన రావడం, పొద్దు పొడవడం ఎట్లాగో తనకు గాలి రావడం కూడా అట్లాగే అని దొర ఎన్నడో నిశ్చయించుకున్నాడు.

కిరాయి ఇంట్లో పంకా లేదు, లింగవ్వ లేదు. మిగిలింది జానకమ్మ. భర్త తింటున్నంతసేపూ పక్కన కూర్చుని విసనకర్రతో విసరడం గడిలో కూడా ఆమె పనే. అది అత్తగారు పెట్టిన ఆచారం. ఇక్కడికొచ్చాక పొద్దటి పేపరుకూ, మధ్యాహ్నపు కునుక్కూ కూడా ఆమే విసరాల్సి వచ్చింది. కుడి భుజం లేవకుండా అయింది. అంతకన్నా ఆమెకు పెద్ద బాధ ఇంకోటుంది. పెళ్లయిన నాటి నుంచి ఆమె వేడన్నం తినలేదు. ఆయన చెయ్యి కడిగేసరికి ఆమె అన్నం చల్లారిపోయేది. ఈ మాట ఎవరికీ చెప్పలేదు, ఎందుకంటే అడిగినవాళ్లు లేరు.

గడికి టార్చిలైట్లు సప్లై చేసిన లతీఫుద్దీన్‌కు కోరుట్లలో ఎలక్ట్రిక్ దుకాణం ఉంది. జానకమ్మ కబురంపితే టేబుల్ ఫ్యానును ఒళ్లో పెట్టుకుని బస్సులో వచ్చాడు.

"పెట్టి చూడుండ్రి. శుక్రవారం మా దుకాణం బంద్ ఉంటది, ఆనాడు అస్త. నచ్చితె ఉంచుకోండ్రి, నచ్చకపోతె వాపస్ తీస్కపోత" అని మీట నొక్కాడు.

ఫ్యాను గిర్రున తిరిగింది. దొర మీసాలు లేచాయి. ముఖం వికసించింది. అంతలో ఫ్యాను మెల్లగా మెడ తిప్పింది. ఆయన్ను వదిలేసి గోడకు విసిరింది, గుమ్మానికి విసిరింది, వంటింటి గుమ్మం దగ్గర నిలబడ్డ జానకమ్మకు విసిరింది, అప్పుడు తీరిగ్గా మళ్లీ ఆయన వైపు తిరిగింది.

"ఇదేంది లతీఫూ, నేనీడ కూసుంటె ఇది మొఖం తిప్పుకపోతాంది?"

"అందరికీ గాలి రావాలని గదా సాబ్ అట్ల చేసిండ్రు."

"అందరికా? అంటె ఇది గూడ సంఘంల కలిసిందన్నట్టు. శుక్రవారం తీస్కపో" అని దొర లేచి లోపలికి వెళ్లిపోయాడు. చింత చచ్చినా పులుపు చావలేదని ఊరికే అన్నారా.

చెప్పాల్సింది ఇంకా ఉందని లతీఫుద్దీన్ అటూ ఇటూ చూసి, జానకమ్మకు చెప్పాడు. "దొర్సానమ్మా, ఎనుక గీ బొడిపె చూడుండ్రి. పైకి గుంజితె మెడ ఆగుతది, కిందికి ఒత్తితె తిరుగుతది. దొరసాబుకు చెప్పుండ్రి."

జానకమ్మ చెప్పలేదు. చెబితే గాలి మొత్తం ఆయనదే అవుతుంది. తను వంటింటి ఉడుకులోనే ఉంటుంది. చెప్పకపోతే శుక్రవారం ఫ్యాను కోరుట్ల బస్సెక్కుతుంది. విసనకర్ర మళ్లీ చేతికొస్తుంది. అడకత్తెరలో పోకచెక్క అయింది ఆమె పని.

మర్నాడు దొర పేపరు పట్టుకోగానే ఆమె దుమ్ము తుడుస్తున్నట్టు ఫ్యాను వెనక్కి పోయి బొడిపె పైకి లాగింది. ఫ్యాను దొర ముఖాన్నే చూస్తూ నిలబడిపోయింది. దొర పేపరు దించి చాలాసేపు దాన్ని పరీక్షించాడు.

"చూసినవా? ఒక్కనాడు నా ఇంట్ల ఉన్నదో లేదో, మర్యాద నేర్చింది."

"మీ నీడ గసొంటిది" అంది జానకమ్మ.

ఆయన కునుకు తీయగానే ఆమె బొడిపె కిందికి నొక్కేది. గాలి వంటింటి దాకా వచ్చి పోతుండేది. చెమట ఆరిన మెడ మీద చెయ్యి పెట్టుకుని, ఈ యంత్రం కనిపెట్టిన మహానుభావుడికి తల్లో చెల్లో ఉండి ఉంటుందని ఆమె అనుకునేది. గురక ఆగగానే మళ్లీ పైకి. ఫ్యాను ఉండాలా పోవాలా అన్న మాట మాత్రం దొర నోటి నుంచి రాలేదు.

గురువారం మిట్టమధ్యాహ్నం లింగవ్వ వచ్చింది. నెత్తి మీద చింతపండు మూట. గుమ్మంలో నిలబడి అలవాటు కొద్దీ, "నీ బాం..." అని సగం మింగేసింది. నీ బానిసనని మొక్కే ఆ మాటను సంఘంలో బందు పెట్టారు. "మంచిగున్నవా దొరా" అని దిద్దుకుంది.

"ఏందే ఇది?" అన్నాడు దొర.

"గడి చింతచెట్టు దులిపినం. నీ పాలు నీకియ్యాలని సంఘపోళ్లు తోలిండ్రు. ఇంకో ముచ్చట. పంకా తాడు నేను తీస్కపోయిన. బర్రెకు కట్టిన. చెప్పకుంట కొంచపోయిందనద్దని చెప్తున్న."

దొర ముఖం కందగడ్డ అయింది. ఫ్యానుకు ఎదురుగా ఇంకాస్త నిటారుగా కూర్చున్నాడు. తాడు పోతేనేం, తనకు గాలికి కొదవ లేదని ఆ మనిషి చూడాలి. లింగవ్వ గుమ్మం పక్కన కూలబడి కొంగుతో ముఖం తుడుచుకుంది. జగిత్యాల బస్టాండు నుంచి ఎండలో నడిచొచ్చిన మనిషి. ఎన్నో ఏండ్లు గోడ అవతల తాడు లాగిన ఆ చేతులు చూస్తుంటే జానకమ్మకు తన భుజమే కలుక్కుమంది. మెల్లగా ఫ్యాను వెనక్కి పోయి బొడిపె నొక్కింది.

ఫ్యాను మెడ తిప్పి లింగవ్వ ముఖం మీద గాలి కొట్టింది. ఆమె కళ్లు మూసుకుంది. గాలి పోయాక తెరిచి, మళ్లీ ఎప్పుడొస్తుందా అని చూసింది.

"గోడవతల కూసోని ఇన్నేండ్లు గుంజిన గని, గాలంటె గిట్లుంటదని నాకు ఎర్కలేదు దొర్సానీ. ఎర్కుంటె ఎప్పుడో తాడు ఇడిసిపెట్టెదాన్ని."

దొర తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాడు. మర్యాద నేర్చిన ఫ్యాను పరాయి మనిషి ముందు పరువు తీసిందని అరిస్తే ఆ పరువు ఊరి దాకా పోతుంది. "అన్నం పెట్టు" అన్నాడు జానకమ్మతో. "రేపు లతీఫు అస్తె దీన్ని పంపియ్యి" అన్నాడు పళ్ల మధ్యనుంచి.

జానకమ్మ ఆయనకు కంచం పెట్టింది. అన్నం వడ్డించింది, పచ్చిపులుసు పోసింది. లింగవ్వకు మోదుగాకు విస్తరిలో పెట్టింది. అలవాటుగా పక్కన కూర్చుని విసనకర్ర అందుకోబోయి ఆగింది. ఫ్యాను తిరుగుతూనే ఉంది. రేపటి నుంచి ఉండదు. విసిరే పని లేని ఈ ఒక్క పూటా చెయ్యి ఊరికే ఎందుకుండాలి? లేచి తన కంచం తెచ్చుకుని, పొగలు కక్కే అన్నం పెట్టుకుని, దొర ఎదుటే కలిపింది. దొర ముద్ద నోటి దగ్గరే ఆగిపోయింది.

అప్పుడే కరెంటు పోయింది.

ఉడుకు ఒక్కసారి మీద పడింది. దొర కాసేపు ఓర్చి, "ఇసురు" అన్నాడు.

"చెయ్యి ఎంగిలైంది."

"ఎడమ చెయ్యి లేదా?"

"ఎడమ చేత్తోటి మొగనికి ఇసిరితె అరిష్టమని మీ అమ్మనే చెప్పింది. పోయిన మనిషి మాట నేను కాదంటనా?"

 తనకు తాను ఎడమ చేత్తో విసురుకోవద్దని మాత్రం వాళ్లమ్మ ఎక్కడా చెప్పలేదు. దొర విసనకర్ర అందుకున్నాడు. కొత్త చెయ్యి కదా, మొదట ముక్కుకు తగిలింది. తర్వాత దారికొచ్చింది. నాలుగు ముద్దలు తిన్నాడో లేదో మోచెయ్యి కిందికి దిగింది.

"చెయ్యి గుంజుతాంది" అన్నాడు.

"గుంజుతది" అన్నారు జానకమ్మ, లింగవ్వ ఒకేసారి.

దొర ఆ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. ఒకరు గోడ అవతల, ఒకరు కంచం పక్కన. ఆయన గాలి తిన్నన్నాళ్లూ ఆ చేతులు లాగాయి, విసిరాయి. ఆ సంగతి ఆయనకు ఏ అన్నా చెప్పలేదు, ఏ పోస్టరూ చెప్పలేదు. నాలుగు ముద్దలకే మోచెయ్యి చెప్పింది.

"లతీఫును రేపు ఉత్త చేతులతోనే పొమ్మను" అన్నాడు కంచంలోకి చూస్తూ.

జానకమ్మకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది, రెండూ పచ్చిపులుసుతో మింగేసింది. దొర మళ్లీ విసనకర్ర ఎత్తాడు. తనకు రెండుసార్లు విసురుకుని, ఏదో ఆలోచించి, ఇటు తిరిగి ఆమెకు విసిరాడు. గుమ్మం వైపు తిరిగి లింగవ్వకూ ఒక విసురు పడేశాడు. మళ్లీ తనకు. ఎవరూ ఏ బొడిపెనూ నొక్కలేదు.

జానకమ్మ ఇంకో ముద్ద కలుపుకుంది. అన్నం ఇంకా వేడిగానే ఉంది.