ఊదని ఊపిరి

విచారణ సంఘంలో నన్నెందుకు వేశారో మొదటి రోజే అర్థమైంది. నేను భౌతికశాస్త్ర విభాగంలో పనిచేస్తాను. పాలపుంతల్లో నక్షత్రాలు ఎంత వేగంగా తిరుగుతున్నాయి, అవి చెదిరిపోకుండా పట్టి ఉంచే కనిపించని బరువు ఎంత అన్నది నా పరిశోధన. వాళ్ళు విచారించాల్సింది రామనగరలో పట్టుదారం తీసే ఆడవాళ్ళ ఊపిరితిత్తుల సంగతి. ఆ విషయం తెలిసిన డాక్టర్లు మైసూరులో మా విశ్వవిద్యాలయంలోనే ఉన్నారు. ఒక్కరినీ పిలవలేదు.

"మీరైతే ఏ పక్షమూ కాదు కదా వైజయంతిగారూ," అన్నాడు డీన్ షడక్షరప్ప, మద్దూరు వడల పళ్ళెం నా వైపు జరుపుతూ. "పైగా మీ చూపంతా ఆకాశం మీద. ఈ రొచ్చంతా మీరు చదవక్కర్లేదు. నివేదిక రాయించేశాను, సంతకం పెడితే చాలు."

"విచారణ ఇంకా మొదలే కాలేదు కదా సార్?"

"మొదలుపెట్టడం, ముగించడం ఇవాళే కానిచ్చేద్దామని."

మూడో సభ్యుడు దేవయ్య న్యాయశాస్త్రం చెబుతాడు. ఆయన అప్పటికే సంతకం పెట్టి వడ తింటున్నాడు.

గొడవ ఇదీ. ప్రజారోగ్య విభాగంలో కుముద అనే చన్నపట్నం అమ్మాయి డాక్టరేటు కోసం చేరింది. ఆమె గైడు నంజరాజ అరసు, ఆ విభాగానికి అధిపతి. పట్టుగూళ్ళు ఉడికే తొట్ల దగ్గర కూర్చునే ఆడవాళ్ళకు ఆ ఆవిరితో ఆయాసం పట్టుకుంటుంది. మా ఇంజనీర్లు ఆ ఆవిరిని బయటికి లాగే యంత్రం ఒకటి తయారుచేశారు. అది పెట్టకముందు ఒకసారి, పెట్టిన వారానికి ఒకసారి, వానాకాలం గడిచాక మూడోసారి ఆ ఆడవాళ్ళ చేత గొట్టంలో ఊదించి ఊపిరి బలం కొలవాలి. మొదటి రెండుసార్లూ కుముదే కొలిచింది. తేడా ఏమీ కనిపించలేదు. తర్వాత అరసు ఆమెను ఊళ్ళోకి వెళ్ళొద్దని ఆపేశాడు. కొన్నాళ్ళకు విదేశీ పత్రికలో ఆయన వ్యాసం వచ్చింది. మూడోసారి కొలిచేసరికి అందరి ఊపిరీ బాగుపడిందట. ఆ యంత్రానికి ప్రభుత్వ రాయితీ కూడా మంజూరైంది.

మూడోసారి అసలు కొలవనే లేదని కుముద పత్రికకు రాసింది. ఆ మూడో కొలతలు ఆమే తెచ్చిచ్చిందనీ, ఇప్పుడు తన మీద కోపంతో కాదంటోందనీ అరసు ఫిర్యాదు చేశాడు. ఆమెను పరిశోధన నుంచి తీసేయాలని మా నివేదికలో ముందే రాసి ఉంది.

"ఆ అమ్మాయిని పిలిచి అడిగారా?" అన్నాను.

"అడిగితే ఏడుస్తుంది," అన్నాడు దేవయ్య. "ఎందుకొచ్చిన తలనొప్పి?"

నాకు ఒళ్ళు మండిపోయింది. ఒక పిల్ల చదువును మట్టిపాలు చేస్తూ, ఏడుస్తుందేమోనని పిలవలేదట. కాగితం తిప్పి డీన్ ముందే పెట్టేసి లేచాను.

మర్నాడు రైల్లో రామనగర వెళ్ళాను. కుముదను వెంట తీసుకెళ్ళలేదు, తర్వాత ఆమే నేర్పించిందని అంటారని. వ్యాసంలో పేర్లున్న పట్టుదారం యూనిట్లలో మొదటిది వెతుక్కుంటూ వెళ్ళాను. రేకుల షెడ్డు. లోపల అడుగు పెట్టగానే ఉడికిన పురుగుల వాసన గొంతులో కూర్చుంది. మరిగే నీళ్ళలో చేతులు ముంచి పోగులు వెతుకుతున్నారు ఆడవాళ్ళు. యంత్రం గోడమీద ఉంది. దాని తీగ చుట్టి, కొక్కేనికి తగిలించారు.

అందరూ ఖాలా, అంటే పిన్ని, అని పిలిచే మెహరున్నీసా అనే పెద్దావిడ నన్ను తొట్టి పక్కన పీట మీద కూర్చోబెట్టింది. మాట మాటకీ మధ్య ఆగి, గాలి పీల్చుకుంటోంది.

"ఇది తిప్పరా ఖాలా?" అడిగాను.

"తిప్పితే తొట్టి చల్లారిపోద్ది, పోగు తెగుద్ది. సేటు ఊరుకుంటాడా? రిబ్బను కత్తిరించిన రోజు తిప్పారు. ఆ పెద్దసారు ఫోటో దిగాడు. ఆ సాయంత్రమే కట్టేశారు."

"వానలయ్యాక ఎవరన్నా వచ్చి మీ చేత ఊదించారా?"

"ఎవరొచ్చారమ్మా? కుముదా బేటీ వస్తానంది, రాలేదు. రెండుసార్లు ఊదాం. మూడోసారి మేం ఊదందే మా ఊపిరి ఎవరు కొలిచారు?"

పక్క తొట్టి దగ్గరున్న పడుచుపిల్ల షాహీన్ నవ్వింది. "మనం నిద్రపోతుంటే ఊదించుకుపోయారేమోలే ఖాలా."

"ఊదితే ఊదాంగానీ," అంది మెహరున్నీసా, నవ్వకుండా, "ఎంత వచ్చిందో మాకు చెప్పాలా వద్దా? నా రొమ్ములో ఏముందో మైసూరులో కాగితాలకు తెలుసు. నాకు తెలీదు. ఇదేం మర్యాద?"

ఆమె మాటలు రాసుకుని లేచాను. అలాంటి యూనిట్లు ఇంకా కొన్ని తిరిగాను. ఎక్కడా మూడోసారి ఎవరూ రాలేదు.

మళ్ళీ సంఘం కూర్చున్నప్పుడు అరసు కూడా వచ్చాడు. నేను చూసింది, విన్నది చెప్పాను.

"చదువురాని ఆడవాళ్ళు," అన్నాడు డీన్. "ఎవరు ఎన్నిసార్లు వచ్చారో వాళ్ళకేం గుర్తుంటుంది?"

"గొట్టం నోట్లో పెట్టుకుని ఊదింది వాళ్ళు సార్. మీరు కాదు."

అరసు మెత్తగా నవ్వాడు. "మేడమ్‌గారు నక్షత్రాలను కూడా ఇలాగే ఇంటింటికీ వెళ్ళి అడుగుతారా?"

"నక్షత్రాల దగ్గరికి వెళ్ళలేను. రామనగరకు రైలుంది. రెండు గంటలు కూడా పట్టదు. అంత దూరం కూడా వెళ్ళకుండా మీరు కొలతలు రాశారు."

అరసు డీన్ వైపు చూశాడు. నేనే అన్నాను: "రేపు మనం నలుగురం కలిసి వెళ్దాం. వాళ్ళ చేత ఊదిద్దాం. అరసుగారి మాటే నిజమైతే అక్కడే ఆయనకు క్షమాపణ చెబుతాను."

"అది సంఘం పరిధిలోకి రాదు," అన్నాడు దేవయ్య.

"అమ్మాయిని తీసేయడం వస్తుందా?"

"వస్తుంది. నిబంధన ఉంది."

ఒప్పుకోనని నాలుగు పేజీలు రాసిచ్చాను. నా పేజీలు లేకుండానే నివేదిక పైకి వెళ్ళింది. కుముద పేరు కొట్టేశారు. హాస్టల్ గది ఖాళీ చేయమని వారం గడువిచ్చారు. ఆమె ట్రంకు పెట్టె మా ఇంటి వరండాలోకి చేరింది.

"మీకెందుకు మేడమ్ ఈ శత్రుత్వాలు?" అంది కుముద, రాగిముద్ద ముందు తల వంచుకుని. "మా నాన్న బొమ్మల కొట్లో కూర్చుంటాను."

"కూర్చుందువుగాని. ముందు ముద్ద తిను. తర్వాత ఆ గొట్టాలు ఎక్కడ దొరుకుతాయో చెప్పు."

మంగళూరులో రిటైరైన ఛాతీ డాక్టరు ఫెలిసిటా పింటో గొట్టాలు అరువిచ్చింది, తనూ వచ్చింది. మెహరున్నీసా వీధి వీధీ తిరిగి, పని మానేసి ఇంట్లో ఉన్నవాళ్ళను కూడా లాక్కొచ్చింది. ఆ మూడో కొలత నిజంగా అప్పుడు జరిగింది. ఒక్కరి ఊపిరీ బాగుపడలేదు. కొందరిది మరీ పడిపోయింది. పింటో పేరుతో, కుముద పేరుతో అది పత్రికకు పంపాం. నెలల తరబడి నానబెట్టి, చివరికి అరసు వ్యాసాన్ని వెనక్కి తీసుకుంటున్నట్టు పత్రిక వాళ్ళు ఒక మూల చిన్న అక్షరాలతో వేశారు.

అరసును ఎవరూ ఒక్క మాట అనలేదు. పైగా పరిశోధనలో నీతి అనే విషయం మీద కొత్త విద్యార్థులకు ప్రసంగం ఆయన చేతే ఇప్పించారు. నేను వెనక వరసలో కూర్చుని ఆ ప్రసంగం విన్నాను. చప్పట్లు కొట్టారు. నా చేతులు ఒళ్ళోనే ఉన్నాయి.

కుముద మంగళూరులో పింటో చెప్పిన చోట మళ్ళీ మొదటి నుంచి చేరింది. పోయిన ఏళ్ళు ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. వెళ్ళేముందు మాత్రం రామనగర వెళ్ళి ఒక్కొక్కరి పక్కనా కూర్చుని, వాళ్ళ ఊపిరి ఎంత ఉందో, ఎంత ఉండాలో, ఎవరు ఆ పని మానాలో చెప్పింది. నేనూ ఉన్నాను. మెహరున్నీసా తన అంకె రెండుసార్లు చెప్పించుకుంది.

"అంటే సగమే ఉందన్నమాట," అంది చివరికి. "సగం ఊపిరితో పూర్తి పని చేయించుకుంటున్నాడు సేటు."

మర్నాడు ఆ షెడ్డులో ఎవరూ తొట్టి దగ్గర కూర్చోలేదు. ఆవిరి పోయేలా కప్పు తెరిస్తేనే కూర్చుంటామన్నారు. సేటు అరిచాడు, బతిమాలాడు, వేరే ఊరి నుంచి మనుషుల్ని తెస్తానన్నాడు. తొట్లలో గూళ్ళు పాడవుతుంటే ఆఖరికి తొట్ల పైనున్న రేకులు ఊడదీయించి, వాన పడకుండా ఎత్తుగా వేరే కప్పు వేయించాడు. ఆవిరి పైకి పోయింది. వీధిలో మరో ఇద్దరు యజమానులు కూడా తప్పక అదే చేశారు. మిగతావాళ్ళు చేయలేదు. అక్కడ ఆడవాళ్ళు ఇప్పటికీ దగ్గుతూనే ఉన్నారు.

ఈ మధ్య డీన్ ఫోన్ చేశాడు.

"వైజయంతిగారూ, రామనగరలో కప్పులు ఎత్తించారట కదా. మంచి ఫోటో ఒకటి పంపండి. వార్షిక నివేదికలో వేద్దాం. మన పరిశోధన వల్ల సమాజానికి జరిగిన మేలు కింద."

"ఎవరి పరిశోధన సార్?"

"మనదే. విశ్వవిద్యాలయానిది."

"కుముదను తీసేశారు. ఆమె మీ విశ్వవిద్యాలయంలో లేదు. మెహరున్నీసా ఎప్పుడూ లేదు. ఇక మీదేముంది అందులో?"

"అబ్బ, ఇంకా ఆ పాత సంగతే పట్టుకున్నారా మీరు?"

"పట్టుకున్నాను సార్. వదలను," అని ఫోన్ పెట్టేశాను.