బల్ల మీద మూడు దెబ్బలు

క్విజ్ మొదలవడానికి ఇంకా బోలెడు సమయం ఉంది. అయినా చిన్ని కాలుగాలిన పిల్లిలా ల్యాబ్ అంతా తిరుగుతూనే ఉంది. ఫోను చార్జింగ్‌లో పెట్టింది, తీసింది, మళ్లీ పెట్టింది. కిటికీ దగ్గర సిగ్నల్ బాగుంటుంది, కానీ అక్కడికి వైరు అందదు. వైరు అందే చోట సిగ్నల్ ఉండదు. చివరికి ఓ బల్లను ఈడ్చుకొచ్చి రెంటికీ మధ్యన వేసింది. బల్ల మీదున్న పళ్ల సెట్లు ఆ కుదుపుకి ఒక్కసారి పటపటలాడాయి.

అది కట్టుడు పళ్లు చేసే ల్యాబు. ఊళ్లో డాక్టర్లు కొలతలు పంపిస్తారు, ఇక్కడ పళ్లు తయారవుతాయి. పని అయిపోయినా చిన్ని ఇంటికి పోలేదు. ఆమె అద్దెకుంటున్న గదిలో ఫోను పలికితే అది అదృష్టమే. క్విజ్ ఉన్న సాయంత్రాలు ఆమెకు ల్యాబే దిక్కు.

ఈ ఉద్యోగం కోసం ఇంత దూరం రాకముందు ఆమె కూర్చునే చోటు వేరు. సొంత ఊళ్లో లైబ్రరీ మేడ మీద హాల్లో వారం వారం క్విజ్ జరుగుతుంది, జట్టుకి నలుగురు. వీళ్ల జట్టు పేరు ‘నాలుక్కాళ్ల పీట’. టైలరింగ్ షాపు నడిపే అక్క కెప్టెను. బస్సు నడిపే బావ రెండో కాలు, రిటైరైన పోస్టుమాస్టారు మూడో కాలు, చిన్ని నాలుగో కాలు. ఊరు మారినా జట్టు మారలేదు. ఫోనులో ఆడతానంటే లైబ్రేరియన్ ఒప్పుకున్నాడు. ఒకటే షరతు, అక్కడి బల్ల మీద ఫోను బోర్లా పెట్టాలి, తెర ఎవరికీ కనబడకూడదు. కాబట్టి వినడమే తప్ప చూడడం లేదు.

ఈ జట్టుకి ఓ ఆచారం ఉంది. అది పుట్టిందే బావ వల్ల. ఆయన తెలిసిందీ తెలియందీ ఒకే ధీమాతో చెబుతాడు. బస్సు నడిపేవాడు సందేహిస్తే ప్రయాణికులు దిగిపోతారని ఆయన సిద్ధాంతం. ఆ ధీమాకి రెండుసార్లు బలయ్యాక అక్క రూలు పెట్టింది. జవాబు చెప్పినవాళ్లు బల్ల మీద వేలితో తట్టాలి. ఊహ అయితే ఒక్క దెబ్బ, గట్టి నమ్మకమైతే రెండు, తల తీసి ఇస్తానంటే మూడు. తట్టకుండా చెప్పింది గాలికబురు, లెక్కలోకి రాదు. మూడు దెబ్బలు కొట్టి తప్పు చెప్పినవాళ్లు ఆ సాయంత్రం అందరి టీ కప్పులూ కడగాలి. హాల్లో మూల అలమరాలో నలుగురి కప్పులూ ఉంటాయి. చిన్నిది అంచు విరిగిన నీలం కప్పు.

ఫోను మోగింది. చిన్ని ఎగిరి అందుకుంది.

“వినబడుతోందా?” అంది అక్క.

“వినబడుతోంది.”

“ఇవాళ ఫైనల్. ఒళ్లు దగ్గర పెట్టుకుని ఆడు.”

ఆ మాట చిన్నికి ముల్లులా గుచ్చుకుంది. ఎప్పుడు ఆడలేదని? అసలు ఒళ్లు దగ్గర పెట్టుకోనిది వాళ్లు. తను వచ్చేసిన దగ్గర్నుంచీ వాళ్లు బల్ల తట్టడం మానేశారు. అక్క “ఊఁ, తట్టండి” అంటుంది, ఆ తర్వాత చీమ చిటుక్కుమనదు, వెంటనే “సరే, రాసెయ్” అంటుంది. కళ్లతో సైగలు చేసుకుంటున్నారు కాబోలు. కళ్లు కనబడని మనిషికి ఏ సైగ అందుతుంది? ఆ సంగతి వాళ్లకి తట్టదా? అడగొచ్చు. కానీ అడిగితే అలుసైపోతానని చిన్ని అడగలేదు. ఆ పౌరుషం అక్కచెల్లెళ్లిద్దరికీ సమానంగానే పంచి పెట్టింది వాళ్లమ్మ.

మొదటి భాగం నడుస్తుండగా లైబ్రేరియన్ అడిగాడు. “మనిషి శరీరంలో అన్నిటికన్నా గట్టి పదార్థం ఏది?”

చిన్నికి నవ్వొచ్చింది. పొద్దున లేస్తే పళ్లతోనే కాపురం. “పంటి మీది పైపూత, ఎనామిల్” అని గొంతు తగ్గించి చెప్పి, బల్ల మీద టకటకటకమని మూడు దెబ్బలు కొట్టింది.

“తొడ ఎముక” అంది బావ గొంతు.

“ఊఁ, తట్టండి.” మళ్లీ ఏ చప్పుడూ రాలేదు. “సరే, తొడ ఎముకే రాసెయ్” అంది అక్క.

చిన్ని కుర్చీలోంచి లేచిపోయింది. కిటికీ దాకా వెళ్లింది, వచ్చింది. జవాబు ఎనామిలేనని లైబ్రేరియన్ ప్రకటించాడు. క్షమించమని ఒక్క మాటైనా అనరేం?

విరామం ఇచ్చారు. టీ తెస్తానంటూ బావ గొంతు దూరమైంది. అక్కడి ఫోను అలాగే బోర్లా పడి ఉన్నట్టుంది, కట్టేయడం మరిచిపోయారు.

“చూశారా మాస్టారూ,” అంది అక్క నెమ్మదిగా. “పళ్ల ప్రశ్నకి కూడా తట్టలేదు. దాని పనే అది! ఏదో నోటి చివర ఓ మాట అనేసి ఊరుకుంటోంది. ఎన్ని వారాల్నుంచో ఇదే వరస.”

“కొత్త ఊరు కదమ్మా.”

“మనసు ఇక్కడ లేదండీ దానికి. బలవంతాన పట్టుకుని వేలాడటం ఎందుకు? మందుల షాపావిడ వస్తానంటోంది. వచ్చే సీజన్‌కి ఆవిణ్ణి కూర్చోబెడదాం. దీనికీ ఓ బరువు తగ్గుతుంది.”

వారమంతా ఈ ఒక్క సాయంత్రం కోసమే బతుకుతోంది తను. ఈ ఊళ్లో తనను పేరు పెట్టి పిలిచే గొంతులు ఆ మూడే. అవి కూడా పోతే ఇక మిగిలేవి ఈ పళ్లే. ఫోను కట్టేద్దామని వేలు పెట్టింది, తీసేసింది. తట్టలేదట! వేలు వాచేలా తట్టిన మనిషిని పట్టుకుని!

అంతలో పక్క బల్ల దగ్గరికి పెద్దాయన వచ్చాడు. ల్యాబులో అచ్చులు పగలగొట్టే పని ఆయనది. గట్టిపడ్డ ప్లాస్టర్‌లోంచి పళ్ల సెట్టు బయటికి తీయాలంటే సుత్తితో కొట్టాల్సిందే. ఆయన మొదలెట్టాడు. ఠంగ్, ఠంగ్, ఠంగ్.

“బాబాయ్, కాస్త ఆగుతావా?”

“పొద్దున్నే డాక్టరొస్తాడమ్మా. ఆయనకి నీ ఆట చూపించనా, పళ్లు చూపించనా?”

అటు విరామం అయిపోయింది, బావ గొంతు మళ్లీ దగ్గరైంది. చిన్ని గొంతు సవరించుకుంది. “అక్కా, ఇక్కడ సుత్తి చప్పుడు. కాసేపు ఓర్చుకోండి.”

“ఏ చప్పుడు?” అంది అక్క.

“అదే, ఈ ఠంగ్ ఠంగ్.”

“ఏమీ లేదే? గుళ్లో కూర్చున్నట్టు ప్రశాంతంగా ఉంది నీ వైపు,” అన్నాడు బావ. “అదృష్టవంతురాలివి మరదలా, ఇక్కడ మాకు చెవులు చిల్లులు పడుతున్నాయి.”

చిన్ని సుత్తి వంక చూసింది. అది లేచింది, పడింది. బల్ల మీది పళ్లన్నీ అదిరాయి. ఫోను వంక చూసింది. పోయేదైనా వచ్చేదైనా మాటని మాత్రం దాటనిచ్చి మిగతా చప్పుళ్లన్నీ మింగేసే ఫోను అది. కొన్నప్పుడు షాపువాడు గొప్పగా చెప్పాడు కూడా.

“అక్కా, నువ్వోసారి బల్ల మీద కొట్టు. గట్టిగా.”

“ఇప్పుడా? పిచ్చా నీకు?”

“కొట్టవే!”

“కొట్టాను.”

చిన్నికి ఏమీ వినబడలేదు. “అయ్యో నా తల్లీ,” అంది. “మూడు దెబ్బలు కొట్టానే నేను ఎనామిల్‌కి! ప్రతి వారం కొడుతూనే ఉన్నాను. సుత్తి చప్పుడే దాటనివ్వని ఫోను నా వేలి చప్పుడు దాటనిస్తుందా? మీరు నన్ను వదిలేసి సైగలు చేసుకుంటున్నారనుకుని నేనిక్కడ కుళ్లి చస్తున్నాను. నువ్వేమో నన్ను తీసేసి మందుల షాపావిణ్ణి తెస్తానంటున్నావు!”



“విన్నావా?” అంది అక్క.

“అంతా విన్నాను.”

“మరి తట్టడం వినబడట్లేదని ఒక్కసారైనా అడగొచ్చు కదే?”

“నువ్వు అడిగావా?”

“అమ్మా కెప్టెన్ గారూ,” అని లైబ్రేరియన్ గొంతు దూరం నుంచి వచ్చింది. “కుటుంబ వ్యవహారాలు తర్వాత. రెండో భాగం మొదలు.”

ఆ రెండో భాగమంతా చిన్ని నిలబడే ఆడింది. కూర్చుందామంటే కాళ్లు ఒప్పుకోలేదు. చివరి ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి అక్కడ హాల్లో పక్క బల్ల మీద ఆడుతున్న గుమాస్తాల జట్టూ వీళ్లూ సమానంగా ఉన్నారు.

“సూర్యుడి చుట్టూ ఒకసారి తిరిగి రావడానికి పట్టే కాలం కన్నా, తన చుట్టూ తాను ఒకసారి తిరగడానికి ఎక్కువ కాలం తీసుకునే గ్రహం ఏది?”

“శుక్రుడేమో,” అన్నాడు బావ. “ఒక్క దెబ్బే కొట్టాను. చిన్నీ, వింటున్నావా? ఒక్కటే.”

బావ ఒక్క దెబ్బతో సరిపెట్టుకోవడం ప్రపంచ వింత. చిన్నికి మాత్రం సందేహమే లేదు. సూర్యుడికి దగ్గరగా, మందకొడిగా తిరిగే గ్రహం, ఎప్పుడో చదివింది. బుధుడే. గొంతు తగ్గించడం మరిచిపోయి, నోటితోనే కొట్టింది. “బుధుడు! టక్, టక్, టక్!”

గుమాస్తాలు పగలబడి నవ్వడం ఆమెకి స్పష్టంగా వినబడింది. అక్క మాత్రం నవ్వలేదు. “మూడు దెబ్బలు పడ్డాయి. బుధుడు రాసెయ్యండి మాస్టారూ,” అంది.

జవాబు శుక్రుడు.

గుమాస్తాల చప్పట్లను కూడా ఫోను మింగేసింది. కేకలు మాత్రం వినబడ్డాయి. చిన్ని కళ్లు మూసుకుంది. దొరక్క దొరికిన చోటు, దాన్ని కూడా చేజేతులా పోగొట్టుకుంది. పెద్దాయన సుత్తి దించి ఆమె వైపు చూశాడు. “పోయిందా?” అన్నాడు. ఆమె తలూపింది.

“అక్కా,” అంది. “నా వల్లే పోయింది.”

“నీ వల్లే. అందులో అనుమానమేముంది?” అంది అక్క. అలమరా తలుపు తీసినట్టుంది, ఆ సంగతి ఫోను చెప్పలేదు గానీ అక్క మాట దూరమై మళ్లీ దగ్గరైంది. “ఇదిగో, నాలుగు కప్పులూ తీశాను. మేం తాగినవి మూడు, దుమ్ము పట్టిన నీలం కప్పొకటి. సింకు పక్కన పెడుతున్నా. ఎవ్వరినీ ముట్టుకోనివ్వను. సెలవు పెట్టుకుని ఎప్పుడొస్తావో రా, వచ్చి కడుగు.”

“అప్పటిదాకా మేం దేంట్లో తాగాలే?” అని వాపోయాడు బావ.

“దోసిట్లో తాగండి. రూలు రూలే.”

చిన్ని పెదవి కొరుక్కుంది. అడగక తప్పదు, ఈసారి అడగకుండా ఊరుకోదు. “మరి మందుల షాపావిడ?”

“ఆవిడెక్కడ కూర్చుంటుంది?” అంది అక్క. “ఆవిడకిక్కడ కప్పు లేదుగా.”

చిన్ని కుర్చీ లాక్కుని కూర్చుంది.