గోలెంలో కూర్మమూర్తి

చొప్పదండిలో ఆ ఇంటి బావికి ఎండాకాలం పూడిక తీసినప్పుడు అందులోని తాబేలును పైకి తెచ్చి పెరట్లోని నీళ్ల గోలెంలో వేశారు. నీళ్లు ఊరగానే మళ్లీ దించాలి. బావి తవ్విన నాటి నుంచీ అదే ఆనవాయితీ. ఈసారి మాత్రం అత్త రామవ్వ దాని డిప్పకు పసుపు రాసి, బొట్టు పెట్టి, "కూర్మమూర్తి ఇంట్లకొచ్చిండు. మళ్ల చీకట్లకు తొయ్యనియ్య" అని గోలెం పక్కనే పీట వేసుకుంది.

దేవుడికి సెలవు దొరికింది. ఆయన పని కోడలు కమలవ్వ మీద పడింది.

వానలు పడేసరికి బావి నిండా పాకురు, అందులో తోకలాడించే పురుగులు. తాబేలు తినాల్సినవన్నీ కమలవ్వ పాత ధోవతి గుడ్డలో వడగట్టేది, బిందె తర్వాత బిందె. హైదరాబాదు రాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చిందన్నారు గానీ, బొక్కెన మాత్రం అదే. పొద్దుగూకేసరికి నడుము తనది కానట్టుండేది.

ఒకనాడు గోడ అవతలి నుంచి బిస్మిల్లా బీ పలకరించింది. ఓడెక్కి హజ్‌కు పోయొచ్చిన మనిషి.

"కమలవ్వా, మీ అత్తకు జర చెప్పు. దర్యాల మంచమంత తాబేలును చూసిన నేను. అవి మెయ్యకుంటె నీళ్లకింది గడ్డి ఏపుగ పెరిగి కుళ్లుతదని ఓడోళ్లు చెప్పిండ్రు. చాపపిల్లలకు తావే ఉండదట."

"అంత పెద్ద సముద్రానికి గూడ ఊడ్చేటోళ్లు కావాల్నా, బీబీ?" అంది కమలవ్వ గుడ్డ పిండుతూ. "వాటికైన సెలవున్నదా?"

"యాడిది!"

ఆ ముక్క అత్త చెవిన వేసింది.

"అత్తమ్మా, సముద్రంల దేవుడు గూడ పనే చేస్తుండట. గడ్డి మేస్తుండట."

"నువ్వు చూసినవా సముద్రం?"

"బాయి చూస్తున్న గద."

రామవ్వ మొహం తిప్పుకుంది.

మర్నాడు కమలవ్వ ఆ గుడ్డనే ఉతికి, పసుపు నీళ్లలో ముంచి, భక్తిగా అత్త చేతిలో పెట్టింది. "నాయి పొయ్యికాడి బూడిద చేతులు. దేవుని గోలెం నీళ్లు నువ్వే చేది, నువ్వే వడగట్టాలె."

మొదటి బిందె భజనతో నిండింది. రెండోది మౌనంగా నిండింది. మూడో బిందెకు ఒక పురుగు గుడ్డ మీంచి మణికట్టుకు అంటుకుంది. రామవ్వ బొక్కెన దించి గోలెం వైపు చూసింది. పెట్టిన పాయసం ముట్టకుండా దేవుడు కళ్లు మూసుకుని ఉన్నాడు.

"ఏం పని లేకుంట కూసున్నడు" అని గొణిగింది. "ఎవలు చేసిండ్రు వీనికి గింత గారాబం?"

కమలవ్వ పొయ్యిలో కట్టె ఎగదోసింది.

సాయంత్రం బొట్టుతో సహా కూర్మమూర్తి బొక్కెనలో బావిలోకి దిగాడు. కమలవ్వ ఒక బిందె చేది చూసింది. నీళ్లింకా పచ్చగానే ఉన్నాయి, ఎన్నాళ్లు పడుతుందో.

"నువ్వు తింటుండు. నేను వడగడుతుంట" అని బావిలోకి చెప్పి, గుడ్డను మళ్లీ బిందె మూతికి కట్టింది.