స్ప్రింగు ఎందుకు పెట్టాడు

ఇట్లా దగ్గరికి రా, గోడకు ఆనుకొని కూర్చో. ఇది వాకిట్లో నిలబడి గట్టిగా చెప్పే ముచ్చట కాదు. అన్నం తిన్నావా? తినకపోతే ముందు తిని రా. విన్నాక తినబుద్ధి కాదు.

నాగర్‌కర్నూల్ బస్టాండు వెనక సైకిళ్ళు, మోపెడ్లు బాగుచేసే మహిపాల్ ఉండేవాడు. అతని భార్య యమున కథ ఇది. యమున పుట్టిల్లు మన్ననూర్. వాళ్ళ నాయన చెన్నయ్య అడవి శాఖలో కూలి మీద కాపలా పని చేసేవాడు. చేతిలో కట్టె, భుజాన నీళ్ళ సీసా, పొద్దంతా నల్లమలలో తిరగడం, పులుల అడవి కాబట్టి లోపలికి ఎవరు పోతున్నారో, ఏం తెస్తున్నారో కనిపెట్టడం అతని పని. అమ్మ అంజమ్మ అడ్డాకులతో విస్తర్లు కుట్టేది.

రెండు వేల ఏడో సంవత్సరమో, దాని ముందటిదో. సెల్లులు అప్పుడప్పుడే చేతుల్లోకి వస్తున్నాయి. గద్వాల వైపు నుంచి పత్తి విత్తనాల లారీలు పోయేవి. తలుపులకు సన్నని తీగ చుట్టి, దాని కొసలకు సీసం బిళ్ళ నొక్కేవాళ్ళు. దారిలో ఎవడో ఆ బిళ్ళను సుతారంగా విప్పి, మంచి విత్తనం దించుకొని, నాసిరకం ఎక్కించి, మళ్ళీ బిళ్ళ నొక్కి పంపేవాడు. మొలక రానప్పుడు గానీ రైతుకు తెలిసేది కాదు. అట్లాంటి మోసానికి మహిపాల్ ఒక మందు కనిపెట్టాడు. బొటనవేలంత ఇనుప డబ్బీ. దానికి రెండు బెజ్జాలు. ఒక బెజ్జంలోంచి మోపెడ్ క్లచ్ వైరు దూర్చి తలుపు గొళ్ళేనికి తిప్పి రెండో బెజ్జంలోంచి లాగితే లోపలికి పోతుంది, వెనక్కి రాదు. డబ్బీ లోపల ఏటవాలు గాడి, గాడిలో సైకిల్ బేరింగు గోళీ, గోళీ వెనక చిన్న స్ప్రింగు. వైరును కోస్తే తప్ప ఊడదు, కోస్తే మళ్ళీ పనికిరాదు. చూసినవాళ్ళంతా భలే ఉందన్నారు.

ఆ స్ప్రింగులు పెట్టింది యమున. ఆమె వేళ్ళు సన్నవి. మధ్యాహ్నం ఇంటిపని తీరాక గంపలో డబ్బీలు పోసుకొని, పిన్నీసు కొనతో ఒక్కో స్ప్రింగు గాడిలోకి నెట్టేది. వైరు ఏ బెజ్జంలో దూర్చాలో పొరపాటు పడకుండా దాని పక్కన తన గోళ్ళరంగుతో ఎర్రటి చుక్క పెట్టేది. అన్నీ లారీలకేనని మొగుడు చెప్పాడు, ఆమె నమ్మింది. పేటెంటు వస్తే షెడ్డు వేస్తానని, షెడ్డు మీద యమునా సీల్స్ అని బోర్డు పెడతానని కూడా చెప్పాడు. ఆ మాట విన్న రోజు ఆమె ఇరుగుపొరుగుకు పేరుపేరునా చెప్పుకొని మురిసింది.

పేటెంటు కాగితాలు చూసినవాడు జావేద్. ఆత్మకూరు పిల్లవాడు, హైదరాబాదులో చదివి అదే పనిలో ఉన్నాడు. అప్పట్లో మనవైపు దరఖాస్తులన్నీ చెన్నై ఆఫీసుకు పోయేవి. కొన్నాళ్ళకు అక్కడి నుంచి జవాబు వచ్చింది. జావేద్ ఫోన్లో చెప్పే సంగతి కాదని స్వయంగా వచ్చాడు. యమున చాయ్ ఇచ్చి అక్కడే గడప మీద కూర్చుంది.

పరీక్షించే అధికారి ఈ సీలును ఇంతకు ముందు లోకంలో వచ్చిన వస్తువుల పక్కన పెట్టి చూశాడట. గోనెసంచుల మూతి బిగించే పట్టీ ఒకటి, ఓడల్లో పోయే పెద్ద ఇనుప పెట్టెలకు వేసే సీలు ఒకటి. ఆ రెండూ వేరే రకం, వాటితో చిక్కు లేదు. మూడోదే చిక్కు.

"ఎన్నడో బయటి దేశపాయన రాయించుకున్నదన్నా. జంతువుల కాళ్ళకు వేసే ఉచ్చు. దాంట్ల గూడ వైరే, దాంట్ల గూడ గోళీనే" అన్నాడు జావేద్.

యమునకు నవ్వొచ్చింది. లారీ తలుపుకూ ఉచ్చుకూ పోలికేందని అడిగింది.

"వాళ్ళకు పేరుతోని పన్లేదు చెల్లె. లోపల ఎట్ల పనిజేస్తదన్నదే చూస్తరు. లారీకి వెట్టు, మెడకు వెట్టు, పని ఒక్కటే అయితే కొత్తది గాదంటరు." తర్వాత మహిపాల్ వైపు తిరిగి, ఆ ఉచ్చుకూ దీనికీ తేడా ఏమిటో చెబితే అదే రాసి పంపుతానన్నాడు.

మహిపాల్ తడుముకోలేదు. "గా పాతదాంట్ల స్ప్రింగు లేదు భాయ్. గుంజుడు ఆపితే గోళీ వదులైతది, వైరు జారుతది. మనదాంట్ల స్ప్రింగు గోళీని నూకుతనే ఉంటది. గుంజినా గుంజకున్నా ఇడవది."

జావేద్ ముఖం వెలిగింది. ఇదే కావాలి, దీనిమీదే నిలబడొచ్చు అంటూ గబగబా రాసుకున్నాడు. స్ప్రింగు పెట్టాలని ఎట్లా తట్టిందో అది కూడా చెప్పమన్నాడు.

"మొదలు స్ప్రింగు లేకుండనే చేసిన. అలిసిపోయి నిలవడ్డంక ఇడిపించుకొని పోయింది."

"ఏది పోయింది?" తల ఎత్తకుండానే అడిగాడు జావేద్.

"వైరు. వైరు ఊడొచ్చింది."

రాసుకుంటున్న జావేద్ పట్టించుకోలేదు. గడప మీద కూర్చున్న యమున మాత్రం పట్టించుకుంది. వైరు అలిసిపోతుందా? లారీ తలుపు అలిసిపోయి నిలబడుతుందా?

పోయేముందు జావేద్ ఇంకో మాట అడిగాడు. దరఖాస్తు వేయక ముందు ఈ వస్తువును ఎవరికైనా ఇచ్చావా, అమ్మావా అని. ఇచ్చి ఉంటే అది కొత్తది కాదు, పేటెంటు రాదు. వనపర్తిలో సీసం సీళ్ళు అమ్ముకునే వ్యాపారికి ఈ సీలు బజారులోకి వస్తే బేరం పోతుంది, అతను మనిషిని పెట్టి అదే ఆరా తీస్తున్నాడు, దొరికితే చెన్నైకి రాస్తాడు. మహిపాల్ ఎవరికీ ఇవ్వలేదన్నాడు. జావేద్ నమ్మి బస్సెక్కాడు.

ఇంతకు ముందటి వానకాలంలో యమున మన్ననూర్ పోయింది. అప్పుడు వాళ్ళ నాయనతో వాగు దాకా పోతే పొదలో ఒక చుక్కల దుప్పి పడి ఉంది. ముందరి కాలుకు వైరు. తోలు కోసుకొని, కండ కోసుకొని, ఎముక మీద బిగిసింది. పుండంతా పురుగులు లుకలుకలాడుతున్నాయి. ఇంకా బతికే ఉంది, కళ్ళు తిప్పుతోంది. చెన్నయ్య వైరు తెంపే లోపలే దాని ప్రాణం పోయింది. ఇది చేసినవాని చేతికి ఇదే పుండు పుట్టాలని అతను తిట్టాడు. యమున కూడా కలిసి తిట్టింది. వైరుకున్న డబ్బీ మొత్తం బురద, నెత్తురు, ఆమె దాని దిక్కు సరిగా చూడలేదు.

జావేద్ పోయాక మొగుడిని అడిగింది, ఏది అలిసిపోయిందని. అతను మొదట కసురుకున్నాడు. తర్వాత, దాచిపెట్టడానికి ఇందులో ఏముందన్నట్టు చెప్పాడు. పల్లి చేన్లలో అడవిపందులు పడుతున్నాయని రైతులు అడిగితే చేసిచ్చాడట. అది నిజమే, పందుల బాధ మనకూ తెలుసు. కానీ తర్వాత తీసుకుపోయింది రైతులు కాదు, అడవిలో దొంగగా వేటాడి మాంసం అమ్ముకునేవాళ్ళు. స్ప్రింగు లేనివాటిని జంతువులు విడిపించుకొని పోతున్నాయని వాళ్ళే వచ్చి మొరపెట్టుకుంటే, అప్పుడు పెట్టాడు స్ప్రింగు. లారీలకు పనికొస్తుందని తట్టింది ఆ తర్వాత, అయినా వాళ్ళకు ఇవ్వడం మానలేదు.

"వాళ్ళేమిచ్చిండ్రు నీకు?"

"ఏమిస్తరు. కూర తెచ్చిచ్చెటోళ్ళు."

మహిపాల్ అప్పుడప్పుడు మేకకూర అని పచ్చి మాంసం టేకాకులో చుట్టి తెచ్చేవాడు. షాపుకు వచ్చే గిరాకీ ఎవరో ఇచ్చాడనేవాడు. ఆమె మసాలా నూరి, నూనె పోసి, కమ్మగా వండేది. ఎముకలు చప్పరించేది. దసరాకు ఒక గిన్నెడు మన్ననూర్ పోయే బస్సులో నాయనకూ పంపింది. అదంతా ఒక్కసారే గుర్తొచ్చింది. గిన్నెలు కడిగే జాలాడి దగ్గరికి పోయి వాంతి చేసుకుంది. నోరు ఎన్నిసార్లు పుక్కిలించినా నాలుక మీద ఆ కొవ్వు పోలేదు.

ఆమె లేచి వచ్చేదాకా ఆగి, మహిపాల్ తన పని చెప్పాడు. నీళ్ళు తాగావా అని కూడా అడగలేదు.

"మీ నాయిన కాడ తెంపిన ఉచ్చులు సంచి నిండ ఉన్నయంట గద. ఆ డబ్బీలు జర తెచ్చియ్యి. వనపర్తోని మనిషి ఆడికి వోతే మన పని ఖతం. నేనడిగితే మామ ఇయ్యడు."

చెన్నై ఆఫీసు అయ్యకు దేశదేశాల పాత వస్తువులన్నీ దొరికాయి గానీ, మహిపాల్ సీలుకు అసలైన పాత వస్తువు మన్ననూర్‌లో మామ ఇంట్లోనే ఉంది. అది మాయమైతే షెడ్డు, బోర్డు, బోర్డు మీద యమున పేరు. యమున బయల్దేరింది. మొగుడు చేతికిచ్చిన సంచి మడిచి చంకలో పెట్టుకొని అచ్చంపేట బస్సెక్కింది. దారి పొడుగునా తన వేళ్ళను కొంగులో దాచుకునే కూర్చుంది. సీటు పక్కనున్న ఆమె పల్లికాయలు పెట్టబోతే వద్దని తల ఊపింది.

మన్ననూర్ ఇంట్లో అంజమ్మ అన్నం పెడితే కంచం పక్కకు జరిపింది. ఉచ్చులేవీ అని అడిగితే, చెన్నయ్య గొడ్ల కొట్టం వెనక నుంచి గోనెసంచి ఈడ్చుకొచ్చాడు. వాసనకు అంజమ్మ దాన్ని ఇంట్లోకి రానివ్వదు. ఆఫీసులో అప్పజెప్పడానికి పోగు చేస్తున్నానంటూ నేల మీద కుమ్మరించాడు. వైర్లకు వెంట్రుకలు, ఎండిన తోలు ముక్కలు, ఒకదానికి గిట్ట కూడా. చీమలు బారులు కట్టాయి. యమున ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకొని ఒక డబ్బీని రాయికి రుద్ది చూసింది. బెజ్జం పక్కన ఎర్రటి చుక్క. ఇంకోటి రుద్దింది, దానికీ చుక్కే. తన గోళ్ళకూ అదే రంగు.

చెప్పేసింది. ఎవరు చేశారో, ఎవరు స్ప్రింగు పెట్టారో, ఎందుకు తెమ్మన్నాడో, అన్నీ.

చెన్నయ్య గిట్ట ఉన్న వైరును చేతిలోకి తీసుకున్నాడు. "బిడ్డా, దసరకు పంపిన కూర?" అన్నాడు.

ఆమె తల వంచుకుంది. అతను లేచి ఇంటి వెనక్కి పోయి, గొంతులో వేలు పెట్టుకొని కక్కబోయాడు. ఎన్ని నెలల కిందటి కూర అది, ఎప్పుడో అరిగి ఒంటికి పట్టింది. ఉత్త నీళ్ళే వచ్చాయి. పొద్దంతా ఉచ్చులు వెతికే మనిషి, తన నోటితోనే ఆ ఉచ్చు తిండి తిన్నాడు. ఆ అసహ్యంలో కూతురిని ఓదార్చడం కూడా అతనికి చేతకాలేదు.

అంజమ్మ మాత్రం సంసారం సంగతి ఎత్తింది. మొగుడు జైలుకు పోతే పిల్ల గతి ఏమిటంది. చెన్నయ్య మూతి తుడుచుకుంటూ వచ్చి, ఎటో చూస్తూ అన్నాడు. "తీస్కపోతే తీస్కపో బిడ్డా. నేను చూడలేదనుకుంట."

నాయన నోట ఆ మాట వినడం ఆమెకు అన్నిటికన్నా రోతగా అనిపించింది. తన కోసం అతను కూడా ఇంతకు దిగిపోతున్నాడని. వైర్లన్నీ మళ్ళీ సంచిలోకి ఎత్తింది. చేతులకు జిగట అంటింది, తుడుచుకోలేదు. సంచి నెత్తిన పెట్టుకుంది. అంజమ్మ బస్సు దగ్గరికి పోతోందనుకుంది. యమున ఎదురు దిక్కుకు తిరిగి అడవి శాఖ ఆఫీసులోకి పోయి, బల్ల ముందు సంచి దించింది.

"చేసింది నా మొగుడు సారు. స్ప్రింగులు పెట్టింది నేను. ఇద్దరి పేర్లు రాయుండ్రి."

రాశారు. అడవి శాఖవాళ్ళు నాగర్‌కర్నూల్ వచ్చి షాపులో డబ్బీలు, అచ్చులు పట్టుకుపోయారు. కేసు అయింది. యమున కూడా మొగుడితో పాటు కోర్టు మెట్లెక్కింది, ఎక్కుతానని తెలిసే చెప్పింది. జావేద్ కబురు విని వచ్చాడు. తనతో అబద్ధం చెప్పించబోయావని మహిపాల్‌ను ఒక్క మాట అని, ఇక ఆ కాగితాలు ముట్టనని వెళ్ళిపోయాడు. చెన్నైకి జవాబు పోలేదు, గడువు దాటింది, దరఖాస్తు దానంతట అదే చచ్చింది. ఈ లోపల వనపర్తి వ్యాపారి మనిషి పూలు, పండ్లు పట్టుకొని మన్ననూర్‌లో పుట్టింట ఉన్న యమున దగ్గరికి వచ్చాడు. అక్కా, నువ్వు పులి లాంటిదానివి, దరఖాస్తుకు ముందే ఈ డబ్బీలు బయటికి పోయాయని ఒక కాగితం రాసియ్యి అన్నాడు. ఆమె ఆ పండ్లను అతని చేతుల్లోనే ఉంచి తలుపు మూసింది. దుప్పి కాలు పుండులో ఇంకో పురుగు అనిపించిందట అతన్ని చూస్తే.

మహిపాల్ రమ్మని రెండు మార్లు మనిషిని పంపాడు. ఆ పొయ్యి మీద వండలేనని, ఆ గిన్నెల్లో తినలేనని చెప్పి పంపింది. గోళ్ళరంగు మళ్ళీ పెట్టలేదు. అమ్మతో కలిసి అడ్డాకులు కుడుతుంది. మాంసం వాసన వస్తే ఇప్పటికీ గాలికి వీపు పెట్టి కూర్చుంటుంది.

ఇదంతా ఎందుకు చెప్పానంటే, మహిపాల్ కూడా ఈ కథ చెబుతాడు. పల్లెటూరి మనిషి తెలివిని చెన్నైవాళ్ళు గుర్తించలేదని, కట్టుకున్నదే కొంప ముంచిందని బస్టాండులో చాయ్ తాగుతూ చెబుతాడు. ఉచ్చు మాట ఎత్తడు. వినేవాళ్ళు అయ్యో అంటారు, చాయ్ పైసలు కూడా వాళ్ళే ఇస్తారు. నువ్వు ఆ కథ నేర్చుకోకు. దీన్ని మనసులో పెట్టుకో, నీ తర్వాతి వాళ్ళకు చెప్పు. చెప్పేటప్పుడు దుప్పి కాలు దగ్గర ముక్కు మూసుకొని దాటెయ్యకు, ఉన్నదున్నట్టు చెప్పు. యమున పేరు మాత్రం మరిచిపోకు, తల్లీ.