చిన్నతల్లి తడిపిన బండి

కూర్మారావు బండి పెట్రోలు కక్కుతోందని పేటలో జనమంతా ముక్కులు మూసుకుంటే, అతని పెళ్లాం చిన్నతల్లి మాత్రం తల దించుకుంది. ఘనకార్యం తనదే కదా.

మూడేళ్ల కిందట ఎక్కడో దూరాన వెరావల్ రేవులో చేపల బోట్ల మీద పనికి పోతూ కూర్మారావు ఆ రెండు సిలిండర్ల పాత మోటారుసైకిల్ని వలల పాకలో పెట్టి, "జాగర్తగా సూసుకోయే" అన్నాడు. ఎలా చూసుకోవాలో చెప్పలేదు. మగాళ్లు చెప్పరు. చిన్నతల్లికి తెలిసిన జాగ్రత్త ఒక్కటే. ఒడ్డున ఊరికే పడున్న పడవ ఎండిపోతే చెక్కలు విచ్చుకుంటాయి, కాబట్టి నీళ్లు పోసి తడుపుతుండాలి. పడవకి నీళ్లయితే బండికి పెట్రోలు! కాశీబుగ్గలో చేపలమ్మి వచ్చేటప్పుడు సీసాలో కాస్త తెచ్చి ట్యాంకులో పోసేది. కింది దాకా తడి తగలాలని ట్యాంకు కిందుండే ట్యాపు కూడా తిప్పి ఉంచేది. పోస్తూ పోస్తూ మొగుడి మీద చాడీలన్నీ ఆ బండికే చెప్పుకునేది. వినడానికి అంతకంటే ఓపికున్నవాళ్లెవరూ దొరకలేదు ఆమెకి.

ఇప్పుడు అతనొచ్చి నాలుగు రోజులైంది. వచ్చీరాగానే ఒక మాట తేల్చేశాడు. "బండి నడిత్తే సేపల బుట్టలు కట్టుకోని పలాస, టెక్కలి తిరుగుతాను, ఇక్కడే ఉంటాను. నడవకపోతే పాతినుముకిచ్చేసి మళ్లీ వెరావలే." బోట్లకి మనుషుల్ని కూడగట్టే పెంటయ్య మేస్త్రి ఇవాళ సాయంత్రం జవాబు కోసం వస్తానన్నాడు. ఇంకోసారి ఆ పాకలో బండితో కబుర్లు చెప్పుకునే ఓపిక చిన్నతల్లికి లేదు. మొగుడే కావాలి.

కూర్మారావు రెండు కార్బురేటర్లూ ఊడదీసి గోనెపట్టా మీద పరిచాడు. లోపల పాత పెట్రోలు బెల్లంపాకంలా గట్టిపడి ఉంది.

"ఏటే ఇది? పెట్రోలు తీసేసి ఉంచాల గానీ, పోసి ఊరబెడతారేటి? ఆవకాయనుకున్నావా?"

"ఎండిపోద్దని తడిపాను మావా."

కూర్మారావు నవ్వాపుకోలేక పట్టా మీదే కూలబడ్డాడు. చిన్నతల్లికి ఒళ్లు మండింది గానీ, తిట్టనందుకు కాస్త ఊపిరి కూడా ఆడింది.

మధ్యాహ్నం దాకా రుద్ది, కడిగి, సన్నటి బెజ్జాల్లో గాలి ఊది, అంతా బిగించాడు. ట్యాపు తిప్పాడు. కుడివైపుది బుద్ధిగా ఊరుకుంది. ఎడమది మాత్రం మళ్లీ బొటబొటా కార్చింది. విప్పాడు, బిగించాడు. మళ్లీ అదే వరస. మూడోసారి విప్పి, లోపల పెట్రోలు మీద తేలే ఇత్తడి బెండుని విసుగ్గా చిన్నతల్లి ఒళ్లో పడేశాడు.

"నా వల్ల కాదే. పెంటయ్యకి వత్తానని సెప్పేత్తాను."

చిన్నతల్లి వల బాగుచేసుకుంటోంది. వలకి కొత్తగా ప్లాస్టిక్ బెండు కట్టేముందు దాన్ని చెవి దగ్గర పెట్టి ఊపి చూడడం ఆమెకి చిన్నప్పటి అలవాటు. లోపల నీళ్లెక్కిన బెండు కడితే వల మునుగుతుంది. ఒళ్లో పడినదాన్ని చూడకుండానే చెవి దగ్గర పెట్టి ఊపింది.

లోపల గుడగుడమంది.

"మావా, ఇది తేలదు! నీరెక్కీసింది!"

"నీరేటి, అందులో..." అంటూనే కూర్మారావు ఆగిపోయాడు. కార్బురేటర్ గిన్నెలో పెట్రోలు నిండగానే ఆ బెండు తేలి, పెట్రోలు వచ్చే దారి మూసేయాలి. బెండే మునిగిపోతే పెట్రోలు పొంగక ఏం చేస్తుంది? లాక్కుని తనూ ఊపాడు. మళ్లీ ఊపాడు. "ఓలమ్మా!" అన్నాడు.

పొయ్యి మీది ఉడుకునీళ్లు తపేలాలో పోసుకుని వాకిట్లోకి తెచ్చి బెండుని ముంచితే, ఒక మూల నుంచి సన్నగా బుడగలు లేచాయి. చిల్లు కంటికి ఆనలేదు గానీ బుడగ చోటు చూపించింది. ఆ చిల్లుని కాస్త పెద్దది చేసి లోపలి పెట్రోలు వంచేసి, బాగా ఆరబెట్టాక రేడియోలు బాగుచేసే త్రినాథ్ దగ్గరికి పరిగెత్తారు. అతను సీసంతో చిల్లు పూడ్చాడు. చిన్నతల్లి మళ్లీ చెవి దగ్గర ఊపింది. చప్పుడు లేదు. నీళ్లలో వేసింది. తేలింది. ఆమె చప్పట్లు కొడుతుంటే త్రినాథ్ కొట్టు ముందు జనం పోగయ్యారు.

సాయంత్రం పెంటయ్య మేస్త్రి వచ్చేసరికి పాక ముందు పొగ కమ్మేసి ఉంది. బండి వీధంతా అదిరేలా అరుస్తోంది. కోళ్లు ఎటు పోయాయో తెలీదు.

"రైలెప్పుడో సెప్దామని వచ్చినాను!" అని కేకేశాడు పెంటయ్య.

కూర్మారావు చెవి చూపించి వినబడట్లేదని సైగ చేశాడు. ఇంకాస్త రైజ్ చేశాడు కూడా. పెంటయ్య రెండుసార్లు అరిచి, నవ్వేసి, చేయి ఊపి వెళ్లిపోయాడు.

చిన్నతల్లి కొంగు బిగించి వెనక ఎక్కింది. జీడితోటల మధ్య రోడ్డు మీద గాలి మొహానికి కొడుతుంటే మొగుడి చెవి దగ్గర నోరు పెట్టి అరిచింది.

"నాకిప్పుడు తెలిసింది మావా! మళ్లీ నువ్వెల్నప్పుడు పెట్రోలంతా తీసేసి ఉంచుతాను!"

కూర్మారావు బండి నెమ్మది చేశాడు. ఈసారి అరవలేదు, తల తిప్పి మామూలుగానే అన్నాడు.

"ఎల్తే కదే."