కొట్లాటైతే ఇద్దరూ బయటికే

ఎవరు తిరగబడరో మేస్త్రీకి బాగా తెలుసు. ఆస్పత్రుల దుప్పట్లు ఉతికి ఇస్త్రీ చేసే ఆ లాండ్రీ హాల్లో పనిచేసేవాళ్ళంతా ఆడవాళ్ళే, మేస్త్రీ ఒక్కడే మగాడు. మరుగుతున్న తొట్టిలోంచి బట్టలు లాగే చేవ కర్ర ఎప్పుడూ అతని చేతిలోనే ఉండేది. అది బట్టల మీదకంటే వీపుల మీదే ఎక్కువ ఆడేది.

గోడ మీద అద్దాల బోర్డులో మాత్రం కంపెనీవారి పాలసీ తళతళలాడుతూ ఉండేది. ఇక్కడ ప్రతి మనిషికీ గౌరవం ఉంటుంది. ఎవరైనా కొట్టినట్టు సాక్ష్యం ఉంటే విచారణ చేస్తారు. కొట్లాటైతే మాత్రం విచారణ లేదు, ఇద్దరూ అదే రోజు బయటికి. వినడానికి ఎంత ఇంపుగా ఉందో! ఒకరు కొట్టి ఇంకొకరు పడితే అది ఉత్త ఫిర్యాదు. ఇద్దరూ కొట్టుకుంటేనే కొట్లాట. అందుకే ఈ పని పోతే పొయ్యి వెలగనివాళ్ళను ఏరి మరీ కొట్టేవాడు మేస్త్రీ.

అత్తాకోడళ్ళిద్దరిదీ ఆ హాల్లోనే పని. ఒకరోజు కోడలి వంతు వచ్చింది. దుప్పటికి మడత పడిందని మేస్త్రీ ఆమె మణికట్టు పట్టుకుని, అరచేతిని కాలే ఇస్త్రీ రోలరుకి అదిమాడు. ఆమె కేక మిషన్ల మోతను మించి వినబడింది.

చేతికి కట్టుతో మేనేజరమ్మ దగ్గరికి వెళ్ళింది. విచారణ కమిటీలో ముగ్గురు కూర్చున్నారు. కార్మికుల ప్రతినిధిగా మూడో కుర్చీలో ఉన్నది మేస్త్రీయే. దొంగ చేతికి తాళాలిచ్చినట్టుంది వ్యవహారం.

"సాక్షి ఎవరు?" అంది మేనేజరమ్మ.

"పక్కనే మా అత్త ఉందండీ."

"బంధువుల సాక్ష్యం చెల్లదమ్మా. రూలు."

మిగతా ఆడవాళ్ళను పిలిచి అడిగితే అందరూ నేలచూపులు చూశారు.

సాయంత్రం గేటు దాటగానే కోడలు తేల్చి చెప్పేసింది. "ఈసారి వాడు నా మీద చెయ్యేస్తే నేనూ తిరిగి కొడతానత్తా. నేనూ పోతా, వాడూ పోతాడు. పీడా వదిలిపోద్ది."

"నోర్ముయ్యవే! నడుం విరిగి మంచాన పడ్డ మొగుడికి ఏం పెడతావు, నీ పౌరుషమా? ఇంకా పదేళ్ళు పనిచెయ్యగలిగేదానివి నువ్వే. నేనెన్నాళ్ళుంటా?"

అత్త నోటికి వీధి వీధంతా హడలే. కోడలు ఇంటికెళ్ళి అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు గిన్నెలన్నీ ఎత్తి పడేసింది. ముసల్దానికి నోరే తప్ప గుండె లేదని అసహ్యించుకుంది.

మర్నాడు దుప్పటి ఒకటి రోలరులో ఇరుక్కుంది. మేస్త్రీ కర్ర పట్టుకుని కోడలి మీదికి వచ్చాడు. ఆమె పక్కనున్న ఇనుప కొక్కెం అందుకుంది. అది చూసి అత్త మధ్యలో దూరి, మేస్త్రీ చెంప ఛెళ్ళుమనిపించింది.

పెదవి చిట్లినా మేస్త్రీ తొణకలేదు. కర్ర చంకలో ఇరికించుకుని, చేతులు రెండూ వెనక్కి కట్టుకుని నవ్వాడు. "అందరూ చూశారుగా? నేను చెయ్యెత్తలేదు. పోయేది ముసల్ది ఒక్కతే."

కోడలికి వాడి ఎత్తు అర్థమైంది. అత్త పనీ పోయి, వీడూ ఉండిపోతే ఇక బతుకంతా వీడి కర్ర కిందే.

అత్త మాత్రం నడుం మీద చెయ్యి వేసుకుని హాలంతటికీ వినబడేలా మొదలెట్టింది. "వీడెందుకు ఎత్తుతాడమ్మా చెయ్యి! వీడూ ఈ రోలరు దగ్గర పనికొచ్చినవాడే. పాత మేస్త్రీ వీడి చెయ్యి ఇలాగే కాలిస్తే, అమ్మా అని ప్యాంటు తడుపుకున్నాడు. ఆ ప్యాంటు ఉతికిందెవరనుకున్నారు? నేనే! ఒరే, ఆ కంపు ఇంకా నా ముక్కు వదల్లేదురా!"

ఎవరో కిసుక్కున నవ్వారు. నవ్వు హాలంతా పాకింది. మేస్త్రీ మొహం కందగడ్డయింది.

మొదటి దెబ్బ అత్త చెవి మీద పడింది. రెండోది భుజం మీద. నెత్తురు ఉతికిన దుప్పట్ల మీద చిందింది. కోడలు కొక్కెం ఎత్తి ఉరికింది.

"రాకే! నువ్వు చెయ్యెత్తకు! ఎత్తావంటే నువ్వూ పోతావు!" అని అరిచింది అత్త. ఆ నోటి మీదే మూడో దెబ్బ పడి దవడ విరిగింది.

కోడలు ఆగిపోయింది. తన కడుపు కోసం ఒక మనిషి గొడ్డులా దెబ్బలు తింటుంటే, కొక్కెం వదిలేసి, కాలిన చేతిని తొడకు అదుముకుని చూస్తూ నిలబడింది. దానికంటే చావు నయం. గార్డులు వచ్చి వాణ్ణి లాగేదాకా అలాగే నిలబడి ఉంది.

మేనేజరమ్మ నిమిషంలో తేల్చేసింది. "కొట్లాట. ఇద్దరూ బయటికి." మేస్త్రీ కాళ్ళావేళ్ళా పడ్డాడు. గార్డులు మెడపట్టి గెంటేశారు.

తర్వాత ఆవిడ కోడలి భుజం తట్టింది. "కళ్ళముందు అంత జరిగినా నువ్వు చెయ్యెత్తలేదు. మన పాలసీకి కావాల్సింది ఈ నిగ్రహమే. ఇవాళ్టి నుంచి ఈ హాలుకి నువ్వే మేస్త్రీవి."

దాచడమెందుకు, ఆ మాట కోడలికి తియ్యగానే ఉంది. కింద పడున్న కర్ర తీసుకుంది. నిన్న నేలచూపులు చూసిన ఆడవాళ్ళ వైపు తిరిగి, ఒక్కొక్కరి మొహమూ పరికించింది. వాళ్ళు ఒకడుగు వెనక్కి వేశారు.

అత్తను స్ట్రెచరు మీద తీసుకుపోతున్నారు. ఒక కన్ను వాచి మూసుకుపోయింది. రెండో కంటితో కర్రను చూసి, కోడల్ని చూసి, దగ్గరికి రమ్మని వేలు ఆడించింది. ఏదో చెప్పబోతోందని కోడలు వంగింది.

మిగిలిన బలమంతా కూడగట్టుకుని అత్త ఆమె చెంప పగలగొట్టింది.

"ఏంటిది! మళ్ళీ కొట్టడమా?" అని కేకేసింది మేనేజరమ్మ.

"ఆమె ఇప్పుడు మన ఉద్యోగి కాదు మేడమ్," అన్నాడు గార్డు మెల్లగా.

కర్ర కోడలి చేతిలోంచి జారింది. అత్త చెయ్యి ఇంకా దించలేదు, రెండో చెంప కోసం చూస్తోంది. కోడలు ఆ చేతిని మొహానికి అదుముకుని భోరుమంది.

"నాకీ మేస్త్రీ పని వద్దండీ," అంది. "నా రోలరు దగ్గరే ఉంటా."