అలివేలు పెంచమన్న జాన

తొట్టి ఎంత ఉండాలో మా ఇంట్లో ఎవరికీ పట్టలేదు. తొమ్మిది కోళ్ళూ నావి, వాటి పెంట నాది, వాసన వస్తే మాట పడేదీ నేనే. మా జిల్లాలోనే ఉన్న పోచంపల్లి సంతలో పిల్లలుగా కొన్నాను వాటిని. హోసూరులో మా వీధి నిండా మేడలు లేచాక కోడి కూసినా నేరమే అయింది. అందుకే పెంటనూ వంటింటి చెత్తనూ ఎండాకుతో కలిపి ఎరువుగా మగ్గబెట్టే తొట్టి ఒకటి పెరట్లో కట్టిద్దామనుకున్నాను.

కొలతకు పక్కింటి అలివేలమ్మను పిలిచాను. పదేళ్ళ స్నేహం మాది. దాని మనవరాలు నా కోళ్ళ గుడ్లు తినే పెరిగింది. టేపు కనపడకపోతే అలివేలే మోచేయి నేలకు ఆనించి మూర వేసింది. నేను సిమెంటు నేల మీద సుద్దతో గీత గీశాను.

"రెండు మూరల పొడుగు, రెండు మూరల వెడల్పు, అంతే ఎత్తు. చిన్నదైతే లోపల వేడి పుట్టదంట, కుళ్ళి కంపు కొడతాదంట" అన్నాను.

"మరి మా ఇంటి తొక్కలు యాడ పోసేదక్కా? పొడుగు ఇంకొక జాన పెంచు."

పెంచాను. కాదనాలని తోచనైనా లేదు నాకు. ఇటుకలు ఇంకా రాలేదు. ఆ కొలత మా ఇద్దరికి తప్ప మూడో మనిషికి తెలియదు.

నాలుగో రోజు కార్పొరేషన్ ఆఫీసు నుంచి ఒకాయన కాగితం పట్టుకుని వచ్చాడు. నా కోళ్ళ మీద ఫిర్యాదట.

"కోళ్ళఫారం పెడతా ఉండావంట కదమ్మా? యాడ ఆ పెద్ద తొట్టి?"

"ఇంకా కట్టనే లేదప్పా."

"రెండు మూరల జాన పొడుగని రాసినారే!" నవ్వాడు. "ఈ కాలంలో మూరల్లో ఎవరు రాస్తారమ్మా?"

నాకు నవ్వు రాలేదు. "ఎవరు రాసినారప్పా?"

"పేరు చెప్పకూడదమ్మా. వారంలో తొట్టి కట్టి మూత పెట్టు. మళ్ళా వచ్చినప్పుడు కంపు ఉంటే కోళ్ళను తీసెయ్యాల."

ఆయన ఆ పేరు నాకు చెప్పనక్కరలేదు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాళ్ళుంటారని వినడమే గాని, ఇన్నాళ్ళూ వాళ్ళను పక్కనే కూర్చోబెట్టుకున్నానని తెలియలేదు.

సాయంత్రం అలివేలు ఎప్పటిలాగే చేటలో తొక్కలు తెచ్చింది.

"ఎవరో వచ్చిపోయినారంటనే అక్కా?"

"వచ్చినారు. రెండు మూరల జాన అన్నారు."

దాని మొహం పాలిపోయింది. చేటలో తొక్కలను సర్దుతూ అంది. "మా మేడ మీదికి బాడుగోళ్ళు వస్తా ఉండారక్కా. కోళ్ళుంటే రామన్నారు. నీ మొగాన చెప్పలేక..."

"చెప్పింటే తిట్టేదాన్ని. తిట్టి, కోళ్ళగూడు ఆ పక్కకు జరుపుకునేదాన్ని. పదేండ్ల తరువాత ఆ మాత్రం చెయ్యనా?"

ఏడుపు తన్నుకొచ్చింది. దాని ముందు ఏడవకూడదని తడిగుడ్డ తెచ్చి సుద్దగీత దగ్గర కూర్చున్నాను. పొడుగున పెంచిన ఆ జానను గీత కనపడకుండా తుడిచేశాను. అలివేలు చేట పట్టుకుని అలాగే నిలబడి ఉంది.

"తొక్కలు ఎత్తుకుపో అలివేలూ," అన్నాను. "ఈడ చోటు లేదు."